ఆకు లెక్క: జలపాతం ఫొటోకి ఎన్ని సెకన్లు?

జలపాతాన్ని పాలధారలా తీయాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ ఫిల్టర్ కొనాలని. ఫిల్టర్ సంగతి తర్వాత చూద్దాం. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో ముందు తేలాలి. అది తేలితే ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ ఎంతగా స్పందించాలో చెప్పే అంకె), అపెర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం), ఫిల్టర్ (లెన్సు ముందు బిగించే అద్దం) అన్నీ దాని వెనకే వస్తాయి. తేలకపోతే ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా నీళ్లున్న చోట తెల్ల దుప్పటి ఆరేసినట్టుంటుంది.

"జలపాతానికి ఒక సెకను" అని కంఠతా పట్టిన సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. నీటి వేగం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దాన్ని మీరెంత దగ్గరగా ఫ్రేములో పెట్టారన్నదీ లెక్కలోకి వస్తుంది. అరకు దగ్గర చాపరాయిలో బండ మీద జారే నీళ్లకీ, కుంటాలలో 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే కడెం వాగు నీళ్లకీ ఒకే షట్టర్ ఎలా సరిపోతుంది?

అందుకని ఒక ఎండుటాకు తీసుకోండి. కెమెరా పెట్టబోయే చోటు నుంచి చూస్తూ దాన్ని పైవైపు నీళ్లలో వదలండి. ఫ్రేములో ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. అందులో నాలుగో వంతే మీ మొదటి షట్టర్. ఆకు నాలుగు సెకన్లు తీసుకుంటే ఒక సెకను, రెండు తీసుకుంటే అర సెకను. అంతసేపట్లో నురగలోని ప్రతి తెల్లచుక్కా ఫ్రేములో పావు వంతు పొడవున గీత గీస్తుంది. ఆ గీతలన్నీ కలిస్తే నీళ్లు దారాల్లా, పోగుల్లా కనిపిస్తాయి. ఎటు పారుతున్నాయో, ఎక్కడ బండ తగిలి విరిగాయో తెలుస్తుంది. గీత ఫ్రేమంత పొడవు దాటిందంటే పోగులు ఒకదాని మీద ఒకటి పడి పాలైపోతాయి. పదో వంతు కంటే తగ్గితే అటు నిలిచిన నీళ్లూ కాదు, ఇటు పారే నీళ్లూ కాదు. చెయ్యి కదిలిందేమో అనిపించే ఫొటో వస్తుంది.

నిలువుగా దూకే ధారలో ఆకు కనబడదు. అక్కడ ఎత్తుతో లెక్క కట్టొచ్చు. ఏ అడ్డూ లేకుండా పడే నీరు 5 మీటర్లు దిగడానికి సుమారు ఒక సెకను, 20 మీటర్లకు రెండు, 45 మీటర్లకు మూడు సెకన్లు తీసుకుంటుంది. నాగార్జునసాగర్ దగ్గరి ఎత్తిపోతల ఎత్తు 70 అడుగులు, అంటే 21 మీటర్లు. మొత్తం ధార ఫ్రేములో ఉంటే రెండు సెకన్లలో నాలుగో వంతు, అర సెకను. జూమ్ చేసి కింది మూడు మీటర్లే తీస్తున్నారనుకోండి. అక్కడికి చేరేసరికి నీరు మంచి ఊపు మీదుంటుంది, ఆ మూడు మీటర్లను సెకనులో ఆరో వంతులోనే దాటేస్తుంది. కాబట్టి 1/25 సెకను చాలు. బండల మీద మెట్లుమెట్లుగా తగులుతూ దిగే నీళ్లకు ఇంకాస్త ఎక్కువసేపు ఇవ్వాలి, ఎందుకంటే ప్రతి మెట్టు దగ్గరా వేగం విరుగుతుంది.

ఈ లెక్క తప్పే సందర్భాలు రెండు. మొదటిది పలచని ధార. తలకోనలో నీరు 270 అడుగుల నుంచి పడుతుంది. లెక్క ప్రకారం ఒక సెకను. కానీ వాన తగ్గాక అక్కడి ధార సన్నబడి గాలికి ఊగుతూ చెదురుతుంది. ఒక సెకను తెరిస్తే ఆ కాస్త నీరూ వెనకున్న రాతిలో కలిసిపోయి, ధార ఉందా లేదా అన్నట్టు పొగలా మిగులుతుంది. నీరు తక్కువైనప్పుడు షట్టర్ తగ్గించాలి. 1/8, 1/4 దగ్గర ఆగితే ధారకు ఒళ్లు కనిపిస్తుంది. రెండోది వరద. ఆగస్టులో పొంగిన బొగత జలపాతాన్ని ఆకు లెక్కలోని నాలుగో వంతుతో తీస్తే అంచు నుంచి అంచుకి గోడలా తెల్లగా నిండిపోతుంది. 1/10 కి దింపితే ఆ బరువు, ఆ విసురు నిలుస్తాయి.

మొదటి ఫొటో తీశాక దానికి సగం, దానికి రెట్టింపు కూడా తీసి పెట్టుకోండి. కెమెరా వెనక తెర మీద బాగా అనిపించింది ఇంట్లో పెద్ద తెర మీద అంతగా నచ్చకపోవడం మామూలే. చిన్న తెర మీద పాలే అందంగా కనిపిస్తాయి. పెద్దదిగా చూసినప్పుడు పోగులున్నదే గెలుస్తుంది.

ఏ వెలుగు, ఏ నెల

ఎండలో తీయకండి. నల్లరాతి మీద తెల్ల నురగ, పైన ఎండ, పక్కన చెట్ల నీడ: ఏ కెమెరా సెన్సరూ ఈ తేడా మొత్తాన్ని మోయలేదు. నురగ పేలిపోతుంది, అంటే వివరమేమీ లేని తెల్లమచ్చవుతుంది, లేదా అడవి మసిబొగ్గవుతుంది. మబ్బు పట్టిన రోజు గానీ, లోయలోకి ఎండ దిగకముందు పొద్దున్నే గానీ వెళ్లండి. మబ్బు రోజైతే ఇంకో లాభం. వెలుగు తక్కువ కాబట్టి ఫిల్టర్ లేకుండానే సగం పని అయిపోతుంది.

అంకెల్లో చెప్పాలంటే, ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్/11 (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర ఎండలో సుమారు 1/250 వస్తుంది. మబ్బు పట్టిన ఆరుబయట 1/30. దట్టమైన చెట్ల కింద, మబ్బుంటే, 1/4 దాకా దిగుతుంది. మల్లెలతీర్థంలా మెట్లు దిగి లోయలోకి వెళ్లే చోట్ల పొద్దున ఏ ఫిల్టరూ లేకుండా పావు సెకను దొరకడం కష్టమేమీ కాదు.

నెలల విషయానికొస్తే, జులై, ఆగస్టుల్లో నీళ్లు ఎక్కువ, కానీ ఎర్రగా బురదగా ఉంటాయి. బురదనీరు ఎంతసేపు తెరిచినా పాలవదు, టీ అవుతుంది. అది తప్పేమీ కాదు. వరదను వరదలాగే తీయండి. ఆ రంగంతా పిండేసి తెల్లగా మార్చిన ఫొటో ఒక్క చూపుకే అబద్ధమని తెలిసిపోతుంది. సన్నని పోగులు కావాలంటే వానలు తగ్గి నీరు తేటపడ్డాక, తెలంగాణ వైపు అక్టోబరు, నవంబరుల్లో వెళ్లండి. రాయలసీమ దక్షిణాన ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి కాబట్టి తలకోన లాంటి చోట్ల నవంబరు, డిసెంబరుల్లోనూ నీళ్లు బాగా ఉంటాయి.

ఫిల్టర్ల లెక్క

ఎన్‌డీ ఫిల్టర్ అంటే నల్లద్దం. వెలుగు తగ్గిస్తుంది, అంతే. ఎన్‌డీ8 మూడు స్టాపులు, ఎన్‌డీ64 ఆరు, ఎన్‌డీ1000 పది. ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది, కాబట్టి స్టాపుకొకసారి షట్టర్ రెట్టింపవుతుంది. ఫిల్టర్ లేకుండా 1/30 చూపిస్తే ఎన్‌డీ8 తో 1/4, ఎన్‌డీ64 తో 2 సెకన్లు, ఎన్‌డీ1000 తో అర నిమిషం. ఆకు లెక్క మళ్లీ గుర్తు చేసుకుంటే జలపాతాలకు ఎన్‌డీ1000 అక్కర్లేదని అర్థమవుతుంది. చాలామంది మొదట కొనేది అదే, సంచిలో ఊరికే పడుండేదీ అదే. నదులకూ చెరువులకూ సముద్రానికీ అది కావాలి. జలపాతాలకు పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్), ఎన్‌డీ8 ఉంటే చాలు. మూడోది కొనగలిగితే ఎన్‌డీ64.

ఒక్కటే కొనగలిగితే పోలరైజర్ కొనండి. తడిబండల మీద, ఆకుల మీద మెరిసే తెల్ల జిగి పోతుంది. అడుగున దాగిన పచ్చ, రాతి ఎరుపు బయటికొస్తాయి. ఈ పనిని తర్వాత కంప్యూటర్‌లో చేయలేరు. పైగా అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు కూడా తినేస్తుంది, మనకు కావాల్సిందీ అదే. దానికి ఎన్‌డీ8 కలిపితే సుమారు ఐదు స్టాపులు. 1/15 కాస్తా 2 సెకన్లవుతుంది. పోలరైజర్ రింగు తిప్పుతూ బండల మీద మెరుపు ఎక్కడ పోతుందో చూసి అక్కడ ఆపండి. నీటి తుంపర మీద ఇంద్రధనుస్సు ఉంటే మాత్రం జాగ్రత్త. ఆ వెలుగు పోలరైజ్ అయి ఉంటుంది కాబట్టి రింగు ఒకవైపు తిప్పితే ఇంద్రధనుస్సు మాయమవుతుంది, ఇంకోవైపు తిప్పితే చిక్కబడుతుంది. మడుగులో చెట్ల నీడ కావాలనుకున్నప్పుడు కూడా పూర్తిగా తిప్పకండి, ఆ నీడనూ చెరిపేస్తుంది.

రింగు తిప్పితే ముదురుతూ పోయే వేరియబుల్ ఎన్‌డీలు వీడియోకి బాగుంటాయి. వెడల్పు లెన్సు మీద, చివరి దాకా తిప్పితే ఫ్రేములో ఇంటూ గుర్తులాంటి నల్లమచ్చ పడుతుంది. అది సరిదిద్దడం కుదరని పని. ఫిల్టర్లు మీ లెన్సులన్నిట్లో పెద్ద సైజుకి కొనండి. 77 ఎంఎం ఫిల్టర్‌ను 67 ఎంఎం లెన్సుకి స్టెప్-అప్ రింగుతో బిగించుకోవచ్చు. రెండు ఫిల్టర్లు ఒకదానిపై ఒకటి పెట్టి 18 ఎంఎం కన్నా వెడల్పుగా తీస్తే మూలలు నల్లబడతాయి. కాస్త జూమ్ చేసుకోండి.

తడికి ఫిల్టర్ ఇరుక్కుపోతుంది. వేళ్లతో గట్టిగా నొక్కి తిప్పితే రింగు కోలగా వంగి ఇంకా బిగుస్తుంది. చుట్టూ వెడల్పు రబ్బరు బ్యాండు వేసి, రెండు చేతుల వేళ్లతో సమంగా పట్టి మెల్లగా తిప్పండి, వచ్చేస్తుంది.

కాళ్లెక్కడ పెట్టాలి

మీ కాళ్ల సంగతి ముందు. కుంటాల, పొచ్చెర లాంటి చోట్ల మునిగి చనిపోయినవాళ్లు చాలామంది. మడుగు పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, లోపల లోతూ సుడీ ఉంటాయి. కెమెరా చేతిలో ఉంటే మనిషి కింద చూడడు, అదే అసలు ప్రమాదం. నల్లగా, ఆకుపచ్చగా నిగనిగలాడే బండ మీద నాచు ఉన్నట్టే లెక్క. పొడిగా, గరుకుగా ఉన్న లేతరంగు రాయి చూసి అడుగు వేయండి. రబ్బరు చెప్పులు వద్దు. ఎత్తిపోతలలో ఎదుటి గట్టు మీదున్న వ్యూ పాయింట్ నుంచే తీయాలి, కింది మడుగులో మొసళ్లున్నాయి. అక్కడికి 70-200 ఎంఎం లాంటి జూమ్ లెన్సు పట్టుకెళ్లండి.

మీరున్న చోట చినుకు లేకపోయినా పైన కొండల్లో వాన పడితే నిమిషాల్లో నీరు పెరుగుతుంది. ట్రైపాడ్ పెట్టగానే నీటి అంచున ఉన్న ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. ప్రతి రెండు మూడు ఫొటోలకొకసారి దానివైపు చూడండి. రాయి మునగడం మొదలైనా, తేటనీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు మారినా సామాను వదిలేసి గట్టెక్కండి. డ్యాముల కింద సైరన్ మోగినప్పుడు కూడా అంతే. అటవీశాఖ వాళ్లు వరద రోజుల్లో గేటు మూసేస్తే వాదించకండి. డ్రోన్‌కి అనుమతి ఉందో లేదో టికెట్ ఇచ్చే చోటే అడగండి. అడవుల్లో చాలాచోట్ల ఉండదు.

ఇక ట్రైపాడ్. నీళ్లలో పెట్టాల్సి వస్తే కింది సన్నగొట్టాన్ని పూర్తిగా బయటికి లాగండి. అప్పుడు బిగింపు నీటిపైనే ఉంటుంది, ఇసుక లోపలికి పోదు. మధ్య కడ్డీ పైకెత్తకండి. ఎత్తితే మూడు కాళ్లున్నా ఒంటికాలి కిందే లెక్క. కెమెరా పట్టీ ఊడదీయండి, గాలికి కొట్టుకునే పట్టీ అర సెకను ఫొటోను పాడు చేయడానికి చాలు. బరువు కోసం సంచి వేలాడదీస్తే అది నేలకు తాకేలా ఉండాలి, గాల్లో ఊగితే ఉన్నదీ పోతుంది.

అన్నీ అయ్యాక ఈ పరీక్ష చేయండి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, ఒక రాయి అంచుని పదిరెట్లు పెద్దది చేసి పది సెకన్లు చూడండి. అంచు వణుకుతుంటే ప్రవాహం కాళ్లను తోస్తున్నట్టే. అప్పుడు ఏ ఐఎస్ఓ, ఏ సాఫ్ట్‌వేరూ కాపాడవు. ట్రైపాడ్ ఎత్తు తగ్గించండి, లేదా ఒక కాలైనా బండ మీదకి మార్చండి.

కెమెరా అమరిక

ఐఎస్ఓ 100, లేదా మీ కెమెరాలోని కనిష్ఠ మామూలు అంకె. అపెర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11. షట్టర్ పొడిగించడానికి ఎఫ్/22 కి వెళ్లేవాళ్లున్నారు. వెళ్తే బొమ్మంతా మెత్తబడుతుంది, అంత చిన్న రంధ్రంలోంచి వెలుగు చెదురుతుంది కాబట్టి. చిన్న సెన్సరైతే ఎఫ్/11, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) అయితే ఎఫ్/16 హద్దు. అది దాటాల్సి వస్తే ఫిల్టర్ వాడండి. పైగా ఎఫ్/16 లో లెన్సు మీది ప్రతి నీటిచుక్కా, సెన్సర్ మీది ప్రతి దుమ్ముకణమూ చక్కగా కనిపిస్తాయి.

ఫోకస్ ముందు, ఫిల్టర్ తర్వాత. ఎన్‌డీ8 ఉన్నా ఆటోఫోకస్ పనిచేస్తుంది. ఎన్‌డీ1000 పెట్టాక కెమెరా చీకట్లో తడుముకుంటుంది. కాబట్టి ముందున్న రాయికీ వెనకున్న ధారకీ మధ్య, ముందురాయికి కాస్త దగ్గరగా ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, ఆపై ఫిల్టర్ బిగించండి. బిగిస్తున్నప్పుడు ఫోకస్ రింగు తిరిగిపోతుంది. చాలా మసక ఫొటోలకు కారణం ఇదే, మళ్లీ చూసుకోండి. ట్రైపాడ్ మీద లెన్సు స్టెబిలైజర్ ఆపేయండి. రిమోట్ లేకపోతే రెండు సెకన్ల టైమర్ పెట్టండి. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని మూల ఫైల్) తీయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, నల్లద్దం వేసే రంగును చూసి అది ఫొటోకొక తీరుగా మారుతుంది. 5500 కెల్విన్ దగ్గర కట్టేస్తే ఆ రంగు అన్నిట్లో ఒకేలా ఉంటుంది, ఇంట్లో ఒక్కసారి సరిచేస్తే చాలు.

చీకటి అడవి మధ్య చిన్న తెల్లధార ఉన్నప్పుడు కెమెరా మీటరు అడవిని చూసి వెలుగు పెంచుతుంది, ధార పేలిపోతుంది. ముప్పాతిక స్టాపు నుంచి ఒక స్టాపు తగ్గించి మొదలుపెట్టండి. తెర మీద పేలినచోట్లు మిణుకుమిణుకుమనే హెచ్చరికను ఆన్ చేసుకోండి. నురగ నడిబొడ్డున ఒకటి రెండు చుక్కలు మిణుకుమంటే ఫర్వాలేదు. ధార పొడవునా మెరిస్తే షట్టర్ కాకుండా అపెర్చర్ రంధ్రాన్ని తగ్గించండి, అంటే ఎఫ్ అంకె పెంచండి. షట్టర్‌ను ఆకు చెప్పింది, దాన్ని కదపకూడదు.

జలపాతం దగ్గర గాలి పుడుతుంది. ఒక సెకనులో నీరు బాగా వచ్చినా పక్కనున్న వెదురు ఆకులు పచ్చటి ముద్దయిపోతాయి. దీనికి మందు రెండు ఫొటోలు. కెమెరా కదపకుండా ఒకటి నీటి కోసం మీ సెకన్లతో, ఇంకొకటి ఆకుల కోసం ఐఎస్ఓ 1600 పెట్టి, ఫిల్టర్ తీసేసి, 1/60 తో. తర్వాత రెండు పొరలుగా పెట్టి మాస్కుతో ఆకుల్ని రెండోదాంట్లోంచి తెచ్చుకోవడం పది నిమిషాల పని. ఫిల్టర్ తీసేటప్పుడు ట్రైపాడ్ కదిలితే మాత్రం అంచులు కలవవు. అందుకే కొంతమంది అయస్కాంతంతో అంటుకునే ఫిల్టర్లు వాడతారు. ధర ఎక్కువే, కానీ ఈ ఒక్క పనికీ తగును.

తుంపర విషయంలో ఒక వరస పాటించండి. ఎడమచేత్తో లెన్సు ముందు గుడ్డ అడ్డం పెట్టి ఉంచండి. టైమర్ నొక్కి, అది మోగుతుండగా అద్దం తుడిచి, షట్టర్ తెరుచుకునే క్షణానికి చెయ్యి తీసేయండి. పూర్తవగానే మళ్లీ కప్పండి. పొడిగుడ్డలు కనీసం నాలుగు కావాలి, తడిసిన మైక్రోఫైబర్ గుడ్డ చుక్కల్ని పులుముతుంది తప్ప తుడవదు. ప్రతి నాలుగు ఫొటోలకొకసారి బొమ్మను పెద్దది చేసి మూలలు చూడండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. దిగేముందు అరగంట ఏసీ ఆపండి, లేదా సంచి తెరవకుండా అరగంట ఆగండి.

ఫ్రేములో కదలనిది ఒకటి బలంగా ఉండాలి. అంతా కదిలితే కదలికే కనబడదు. ముందొక బండ, పడిన మాను, తేలే వేరు ఏదో ఒకటి చాలు. తెల్లటి మబ్బు ఆకాశాన్ని వీలైనంత కోసేయండి, కన్ను దానివైపే పోతుంది. మడుగులో నురగ ముక్కలో ఎండుటాకులో గుండ్రంగా తిరుగుతుంటే అక్కడే ఆగండి. పది నుంచి ఇరవై సెకన్లు తెరిస్తే అవి సున్నాలు చుడతాయి. జలపాతాల దగ్గర ఎన్‌డీ64 కి అసలు పని అదే.

నది వేరు

రాజమండ్రి దగ్గర గోదావరిని తీస్తున్నప్పుడు ఆకు లెక్క తలకిందులవుతుంది. అక్కడ పోగులు ఉండవు, అలలుంటాయి. అలల్ని చదును చేసి అద్దంలా మార్చడమే ఉద్దేశం, దానికి కనీసం 30 సెకన్లు, బాగా రావాలంటే రెండు మూడు నిమిషాలు. ఘాట్లు తూర్పు గట్టున ఉన్నాయి కాబట్టి సాయంత్రం పొద్దు ఎదురుగా, కొవ్వూరు వైపు వాలుతుంది. 1900లో తెరిచి 1997లో రైళ్లు ఆపేసిన హేవ్‌లాక్ వంతెన స్తంభాలు ఇలాంటి ఫొటోకి పుట్టినట్టే ఉంటాయి. నీరు కదలదు, మబ్బు సాగుతుంది, స్తంభాలు నిలబడతాయి. కట్టేసిన పడవల్ని మాత్రం ఫ్రేములోంచి తీసేయండి. అవి ఊగుతూనే ఉంటాయి, రెండు నిమిషాల్లో దెయ్యాల్లా తయారవుతాయి.

30 సెకన్లు దాటాక బల్బ్ మోడ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే అమరిక), తాళం పడే రిమోట్ కావాలి. ఎంతసేపు తెరవాలో ఇలా కనుక్కోండి. ఫిల్టర్ పెట్టాక ఐఎస్ఓ 6400 చేసి పరీక్ష ఫొటోలు తీయండి. అక్కడ ఎన్ని సెకన్లకు వెలుగు సరిపోయిందో, ఐఎస్ఓ 100 దగ్గర అన్ని నిమిషాలు. రెండు సెకన్లు సరిపోతే రెండు నిమిషాలు. పొద్దు వాలుతున్నప్పుడు ఆ రెండు నిమిషాల్లోనే వెలుగు తగ్గిపోతుంది, పావు వంతు కలుపుకోండి. డీఎస్ఎల్ఆర్ అయితే వెనక వ్యూఫైండర్ మూసేయండి. మూయకపోతే అందులోంచి వెలుగు చొరబడి బొమ్మ మధ్యలో వంగపండు రంగు చార పడుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో సెన్సర్ వేడెక్కి ఎర్ర, నీలం చుక్కలు పూస్తాయి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేస్తే అవి పోతాయి, కానీ రెండు నిమిషాల ఫొటో తర్వాత ఇంకో రెండు నిమిషాలు కెమెరా మాట వినదు. పాడైందని బ్యాటరీ లాగేయకండి.

ఇసుకలో ట్రైపాడ్ మెల్లగా దిగబడుతుంది. మూడు కాళ్ల కిందా పచ్చడి సీసాల మూతలు బోర్లించి పెడితే ఆగుతుంది.

ఫోన్ ఉంటే

చాలా ఫోన్లలో అపెర్చర్ మారదు, కాబట్టి పగటివేళ షట్టర్ పెంచే దారి మూసుకుపోయినట్టే. ఫోన్ దీన్ని వేరే దారిలో చేస్తుంది, చాలా ఫ్రేములు తీసి సగటు కడుతుంది. ఐఫోన్‌లో లైవ్ ఫొటో తీసి, దాన్ని తెరిచి లాంగ్ ఎక్స్‌పోజర్‌కి మార్చండి. లైవ్ ఫొటో మొత్తం మూడు సెకన్లే కాబట్టి ఆ మూడు సెకన్ల పాటూ చెయ్యి కదలకూడదు. రాతికి ఆనించండి, చిన్న ట్రైపాడ్ ఉంటే ఇంకా మంచిది. గూగుల్ పిక్సెల్‌లో లాంగ్ ఎక్స్‌పోజర్ అని విడిగా ఉంటుంది. ప్రో మోడ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐఎస్ఓ 50 పెట్టి, క్లిప్పుతో అంటుకునే ఎన్‌డీ వాడొచ్చు.

సగటు కట్టడం కెమెరాకీ పనికొస్తుంది. ఫిల్టర్ మరిచిపోయిన రోజు ట్రైపాడ్ మీద 1/15 తో ముప్పై ఫొటోలు తీసి ఫొటోషాప్‌లో మీన్ స్టాక్ (అన్నిటి సగటు) చేస్తే రెండు సెకన్ల ఫొటోకి దగ్గరగా వస్తుంది. నాయిస్ కూడా తగ్గుతుంది. మీన్ బదులు మీడియన్ (మధ్య విలువ) పెడితే మధ్యలో నడిచిపోయిన జనం కూడా మాయమవుతారు. మడుగులో ఆదివారం నిలబడి స్నానం చేసేవాళ్లు మాత్రం మీడియన్‌కి కూడా కదలరు. వారం మధ్యలో వెళ్లండి.

ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగి మంచినీళ్లతో కడగండి. బిగింపులు విప్పి, ఒండ్రు తుడిచి, ఆరాకే మూయండి. తడిసిన సంచిలో కెమెరా ఒక్క రాత్రి కూడా ఉంచకండి. వానాకాలపు చెమ్మలో లెన్సు లోపల బూజు పడితే తుడవడం మీ చేతుల్లో ఉండదు. సిలికా జెల్ పొట్లాలు వేసిన మూతగట్టి డబ్బా చాలు. ఫిల్టర్లను గోరువెచ్చని నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండిన నీటిమరకలు గుడ్డతో రుద్దితే పూత గీసుకుపోతుంది.